తరాల పందిరి

ఆ ఏడు పాస్కా పండగ, అదే ఈస్టరు, అయిన వారానికే కాలువలు కట్టేశారు. బందరు కాలువ అడుగున బురద ఎండి పెచ్చులు లేచిందంటే మా రేవుపాలెంలో పెళ్ళిళ్ళ కాలం వచ్చినట్టు. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలారా, ఇక నారుమళ్ళు, దమ్ములు, నాట్లు, ఎవరికీ ఊపిరాడదు. పెళ్ళి చెయ్యాలన్నా, ఇల్లు కప్పాలన్నా, తీరుబడిగా పోట్లాడుకోవాలన్నా మాకున్నవి ఆ రెండు నెలలే. డెబ్బై నాలుగులో ఆ రెండు నెలల్లోనే నాకూ అంతోని బావకీ పెళ్ళి జరగాలి.

జరగాలని నేనొక్కదాన్నే అనుకోలేదు. నేను కడుపులో ఉండగానే మా అమ్మమ్మ అమలమ్మ అనుకుంది. మా అమ్మ సువార్తమ్మకి ఆడపిల్ల పుడితే తన కొడుకు శౌరయ్య ఇంటికే కోడలని ఊరంతా చెప్పుకుంది. శౌరయ్య మావయ్య కొడుకే అంతోని బావ. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. నాకు పెళ్ళీడు వచ్చేదాకా ఆగాడు. తోటివాళ్ళు పిల్లల్ని భుజాలెక్కించుకుని తిరుగుతూ ఎగతాళి చేస్తే, "నా పెళ్ళాం ఇంకా బడికెళ్తోందిరా" అని తనూ నవ్వేవాడు. మా నాన్న పోయాక మా పొలం కూడా తనే చేశాడు. ముందు మా చేలో నీళ్ళు పెట్టి, ఆ తర్వాతే తన చేలోకి పోయేవాడు. అతనంటే నాకు ప్రాణం. ఈ వయసులో చెప్పుకోడానికి సిగ్గెందుకు?

అప్పటికి మా విచారణకి, అంటే మా గుడి కిందున్న ఊళ్ళకి, కొత్త ఫాదర్ గారు వచ్చారు. గుంటూరు జిల్లా ఆయన. సన్నగా ఉండేవారు, ఏ మాటకైనా ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు. మూడు ఆదివారాలు గుడిలో పెళ్ళి చాటింపు చదవాలి కదా, పేర్లిద్దామని అమ్మమ్మ, మావయ్య, నేను వెళ్ళాం.

"మేనరికమా?" అన్నారాయన.

"మేనరికం కాక మరేంటండీ? బయటి సంబంధాలు వెతుక్కునే ఖర్మ మాకేం పట్టింది?" అంది అమ్మమ్మ.

"అంతకుముందు కూడా మేనరికాలేనా అమ్మా?"

"మా అత్త నాకు సొంత మేనత్తే. వాళ్ళత్త ఆవిడకి మేనత్తే. మా ఇంట్లో పరాయి కోడలు అడుగుపెట్టిందే లేదు." మెడ నిటారుగా పెట్టి చెప్పింది మహాతల్లి. ఫాదర్ గారు మళ్ళీ కళ్ళద్దాలు తీశారు.

"అయితే కష్టమేనమ్మా. దగ్గర రక్తం పెళ్ళికి బిషప్పు గారి అనుమతి కావాలి. రక్తం ఎన్ని చోట్ల కలిసిందో నాలుగు తరాలు గీసి పంపాలి. ఏదైనా దాచి, తర్వాత బయటపడితే పెళ్ళి చెల్లదంటారు. ఒకసారి ఇంతమందిని చూశాక, ఇవ్వను అన్నా అనవచ్చు."

ఆ చివరి మాటకి నేను అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాను. మావయ్య మాత్రం, "అడిగితే ఇవ్వరా ఏంటి, చూద్దాంలెండి" అని కండువా దులుపుకుని లేచాడు.

పది చదివింది ఇంట్లో నేనే కాబట్టి రాసే పని నా మీద పడింది. ఎండ దిగాక ఫాదర్ గారి వరండాలో కూర్చునేదాన్ని. ఆయన పాత పుస్తకాలు తీసి, ఇటలీ ఫాదర్లు లాటిన్‌లో రాసినవి చదివి చెబితే, నేను పెద్ద కాగితం మీద ఎక్కించేదాన్ని. అందులో మా వాళ్ళ పేర్లన్నీ వేషాలు మార్చుకుని ఉన్నాయి. అంతోని ఆంతోనియుస్, శౌరయ్య జేవియర్. మా తాత తండ్రి పేరు దగ్గర ఫాదర్ గారు ఆగి, "ఈయనకి జ్ఞానస్నానం పెద్దయ్యాకే అయింది. అంతకుముందు పేరు రాయలేదు" అన్నారు. ఆ పేరు అమ్మమ్మకీ తెలియదు. అప్పటిదాకా మా వంశమంతా నాలుక చివర ఉందనుకున్న మనిషి, ఆ ఒక్క పేరు దగ్గర తడుముకుని, నా మీద కసురుకుంది.

సర్కారు జనాభా లెక్కల్లో దొరుకుతుందేమోనని ఆవిడే నన్ను మార్కండేయులు మాస్టారి దగ్గరికి తీసుకుపోయింది. డెబ్బై ఒకటిలో మా ఊళ్ళో లెక్కలు రాసింది ఆయనే. మగ్గం గోతిలో కూర్చుని నేస్తున్న అన్నగారి పక్కన పేపరు చదువుకుంటున్నాడు. అడిగింది విని పాపం నవ్వాపుకోలేకపోయాడు.

"మేం ఉన్నవాళ్ళని లెక్కపెట్టాం గానీ మామ్మా, పోయినవాళ్ళని అడగలేదు. అయినా ఆ కాగితాలు ఎప్పుడో హైదరాబాదు వెళ్ళిపోయాయి. నేను రాసిందే నన్ను చూడనివ్వరు."

"మరెందుకయ్యా రాసుకోడం?" అని అమ్మమ్మ విసురుగా బయటికొచ్చింది.

సర్కారు లెక్క పనికిరాకపోయినా ఫాదర్ల లెక్క ఉంది. పూర్వం ప్రతి ఏడూ ఫాదర్ గారు ఇంటింటికీ తిరిగి ఏ ఇంట్లో ఎందరు, ఎవరికి జ్ఞానస్నానం ఎప్పుడైంది అని రాసుకునేవారట. అది మా గుడిలో కొంత, కాలువ దిగువన ఉన్న పాత గుడిలో కొంత ఉంది. అక్కడికి బావ నన్ను సైకిలు మీద తీసుకెళ్ళాడు. ఎండిన కాలువ గట్టు మీద, తుమ్మచెట్ల కింద, వెనక క్యారేజీ మీద నేను. ఆ దారంతా నా జీవితంలోకెల్లా మంచి దారి.

"ఏమే తెరేసా, బిషప్పు గారు వద్దంటే ఏం చేస్తావ్?" అన్నాడు తొక్కుతూ.

"ఆయన కాళ్ళ మీద పడతా."

"అప్పటికీ వద్దంటే?"

"నువ్వే చెప్పు, ఏం చేస్తావో."

"ఇంకో పద్దెనిమిదేళ్ళు ఆగుతా. అలవాటేగా" అన్నాడు. వీపు మీద ఒక్కటి చరిచాను.

పాత గుడిని చూసుకునే ఉపదేశి అబ్రహాము బీరువా తెరిచి, ఇంటి లెక్కలతో పాటు మరణాల పుస్తకం కూడా ముందు పెట్టాడు. అది పెట్టకపోయినా బాగుండేది. మావయ్య వాళ్ళ ఇంటిపేరు ఉన్న చోటల్లా పసిబిడ్డలే. నెల, మూడు నెలలు, ఏడాది. ఒక శౌరయ్య పోతే పైఏడు పుట్టినవాడికి మళ్ళీ శౌరయ్యే. ఒక అమలమ్మ పోతే ఇంకో అమలమ్మ. బావ వేలు ఒక చోట ఆగిపోయింది.

"మా నాన్నకి ముందు ఇంకో శౌరయ్య ఉన్నాడా?"

ఉన్నాడు. నలభై రోజుల వాడు. ఆ సంగతి మావయ్యకే తెలియదు. వచ్చేటప్పుడు బావ సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. ఏం ఆలోచిస్తున్నావని అడిగితే, "ఏం లేదులే" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మమ్మని అడిగితే, "ఎవరింట్లో పోలేదే పిల్లలు? పోయినవాళ్ళ పేర్లు తవ్వి ఏం చేస్తారు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

కాగితం నిండింది. ఫాదర్ గారు బల్ల మీద పరిచి చూశారు.

"చెట్టంటే కొమ్మలు విడిపోవాలి తెరేసా. మీవి విడిపోయి మళ్ళీ వచ్చి అల్లుకున్నాయి. ఇది చెట్టు కాదు, ఆనపపాదు పందిరి" అన్నారు. నవ్వించాలనే అన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ గీతలన్నీ చూసి ఏ బిషప్పు ఒప్పుకుంటాడు?

ఇక మిగిలింది నా జ్ఞానస్నానం పత్రం. తీరా చూస్తే నేను పుట్టిన ఏటి పుస్తకం వాన నీళ్ళకి తడిసి, కాగితాలు అంటుకుపోయి, అట్టలా గట్టిపడి ఉంది. ఫాదర్ గారి పాత ఇంటి కప్పు కారినప్పటి సంగతట. ఇంటి లెక్కలో నా పేరు, తారీఖు ఉన్నాయి. కానీ చూసినవాళ్ళెవరైనా సువిశేష గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెప్పాలన్నారు ఫాదర్ గారు. అందరం కంగారుపడ్డది రక్తం గురించి. ఈ ప్రమాణాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు.

ఆదివారం పూజ అయ్యాక అమ్మమ్మ, మావయ్య, అమ్మ, బావ, నేను ఆయన గదిలో నిలబడ్డాం. అమ్మ బాలింత కాబట్టి నా జ్ఞానస్నానం నాడు గుడికి రాలేదు. నాన్న, మావయ్య ఊళ్ళో లేరు. చూసింది అమ్మమ్మ. ఆవిడ ధీమాగా పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"జ్ఞాన తండ్రి ఎవరమ్మా?" అన్నారు ఫాదర్ గారు. జ్ఞానస్నానం వేళ బిడ్డ తరఫున మాటిచ్చి, ఆపైన తండ్రి లెక్కన ఉండే మనిషన్నమాట.

"ఇశ్రాయేలండీ. దీని నాన్నకి స్నేహితుడు. చచ్చిపోయేదాకా ప్రతి క్రిస్మసుకీ దీనికి గౌను కుట్టించాడు."

"ఆయన ఆ రోజు గుడికి వచ్చాడా?"

అమ్మమ్మ కాస్త తడబడింది. "అప్పుడు ముసురు పట్టిందండీ. కాలవకి గండి పడి దారి లేదు. బిడ్డేమో ఫిట్లొచ్చి నీలం తిరిగిపోతోంది. ఆగటానికి లేదు. రాలేకపోయినా, ఒప్పుకున్నది ఆయనే కదా."

"మరి బిడ్డని పట్టుకున్నది ఎవరు?"

బావ ముందుకొచ్చాడు.

"నేనండీ."

ఫాదర్ గారు బావని కూర్చోమన్నారు. అతను కూర్చోలేదు.

"నువ్వు ఇశ్రాయేలుకి బదులుగా నిలబడ్డావా? ఆయన నీతో గానీ, ఇంకెవరితో గానీ చెప్పి పంపాడా? చూడు అంతోనీ, ఆయన చెప్పి పంపితే నువ్వు బదులు మనిషివే. జ్ఞాన తండ్రి ఆయనే అవుతాడు. చెప్పి పంపకపోతే నువ్వే. జ్ఞాన తండ్రికీ బిడ్డకీ పెళ్ళి కుదరదు. తొందరపడకుండా జ్ఞాపకం చేసుకుని చెప్పు."

అంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? ఇశ్రాయేలు పోయాడు. ఆనాటి ఫాదర్ గారు ఇటలీ వెళ్ళిపోయారు. పుస్తకం ముద్దైపోయింది. అమ్మమ్మ బావ వైపు ఎలా చూసిందంటే, ఆ చూపుకి రాయైనా అబద్ధం చెప్పేది. నేనైతే మనసులో దండం పెట్టుకున్నాను. చెప్పి పంపాడని ఒక్క మాట అను బావా, నీకు పుణ్యముంటుంది.

బావ పుస్తకం మీద చెయ్యి పెట్టాడు.

"చెప్పి పంపలేదండీ. జ్ఞాన తండ్రిగా నిలబడాలంటే భద్రమైన అభ్యంగనం అయి ఉండాలి, నీకు అయిందా అని ఫాదర్ గారు నన్నడిగారు. అయిందన్నాను. నా పేరే రాసుకున్నారు. బిడ్డకి బదులు జవాబులన్నీ నేనే చెప్పాను."

"ఒరేయ్ అంతోనీ!" అని అమ్మమ్మ నేల మీద కూలబడిపోయింది. "నేనేరా నీ చేతికిచ్చింది. నీ పెళ్ళాన్ని నువ్వే ఎత్తుకోరా అని నవ్వుతూ ఇచ్చాను. నా నోరు పడిపోను!"

ఫాదర్ గారు మంచి మనిషి. ఆవిణ్ణి ఆయనే లేపి కూర్చోబెట్టారు. "ఇది రక్తం కంటే చిన్న అడ్డమేనమ్మా. దీనికి కూడా అనుమతి అడుగుతాను. ఇస్తారు. దిగులు పడకండి" అన్నారు. మాకు ఊపిరొచ్చింది. నాకు, అమ్మకి, మావయ్యకి. బావ మాత్రం అప్పటికే గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెబితే ఒక ఊరు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. బావి దగ్గర ఆడవాళ్ళు నేను రాగానే మాటలాపేసేవారు. ఒకావిడ, "ఏం తెరేసా, మీ నాన్న పొలం వెళ్ళాడా?" అని నవ్వింది. కడవ అక్కడే దించి నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. బావ మా అరుగు మీదికి రావడం మానేశాడు. మజ్జిగ చెంబు పట్టుకుని నేనెదురెళితే, అక్కడ పెట్టమని చేత్తో చూపించేవాడు. తలెత్తేవాడు కాదు. మా చేలో పని మాత్రం ఆపలేదు. చేలోకి నీళ్ళొచ్చే ఎండిన బోదెలు చెక్కాడు, గట్లు వేశాడు, పెంట తోలాడు. ఒళ్ళు మండిపోయేది నాకు. పని ఎవరికి కావాలి?

మే నెలాఖరుకి ఫాదర్ గారికి కబురొచ్చింది. కాగితం తెచ్చుకోడానికి మావయ్యా నేనూ విజయవాడ వెళ్ళాం. బిషప్పు గారి ఆఫీసులో గుమస్తా చదివి వినిపించాడు. రక్తానికీ అనుమతే, జ్ఞాన సంబంధానికీ అనుమతే. కింద సంతకం, ముద్ర. మా పందిరి అంతా చూసి కూడా ఆయన కాదనలేదు! గవర్నర్‌పేటలో మావయ్య నాకు పట్టుచీర కొన్నాడు. లేత ఆకుపచ్చ. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఊరొచ్చేదాకా ఆ పొట్లాన్ని పట్టుకునే ఉన్నాను.

బస్సు దిగి ఇంటికి పోలేదు. తిన్నగా చేలోకి వెళ్ళాను. బావ మా పొలం గట్టు మీద పార తిరగేసి కూర్చుని ఉన్నాడు. కాగితం చేతిలో పెట్టాను. చెమట చేతులు పంచెకి తుడుచుకుని తీసుకున్నాడు. మెల్లగా, అక్షరం అక్షరం చదివాడు.

"రెండిటికీ ఇచ్చారు బావా" అన్నాను. "ఇంకేం అడ్డం లేదు."

అతను కాగితాన్ని ఏ మడత మీద ఆ మడత పెట్టి, నా చేతికిచ్చాడు.

"జాగ్రత్తగా దాచుకో తల్లీ" అన్నాడు.

పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అలా పిలవలేదు. ఏమే, ఒసేయ్, తెరేసా, పిచ్చిమొహమా, అన్నీ అయ్యాయి. అది మాత్రం కాదు.

"ఇన్నేళ్ళూ నీకు గుర్తులేదా మరి?"

"గుర్తుంది. ఎవరూ లేనప్పుడు కాసేపు పట్టుకున్నాననే అనుకున్నా. మొన్న ప్రమాణం మీద ఆ మాట నోటితో చెప్పాక ఇంకోలా అనుకోలేకపోతున్నా. నీ తల నా మోచేతి మీద ఉంది ఆ రోజు. బతుకుతావో లేదో కూడా తెలీదు. బిషప్పు గారు ఒప్పుకున్నారు, మంచిదే. నాకే మనసొప్పట్లేదు. నన్ను బలవంతం చెయ్యకు."

తిట్టాను. గడ్డి పీకి మొహాన కొట్టాను. చివరికి ఏడ్చాను కూడా. అతను అన్నీ పడ్డాడు గానీ మాట మార్చలేదు. అమ్మమ్మ ఒక రోజంతా అతని గుమ్మంలో కూర్చుని బతిమాలింది. మావయ్య చెయ్యి చేసుకున్నాడు. ముప్పై రెండేళ్ళ కొడుకుని, వాకిట్లో, నలుగురూ చూస్తుండగా. అయినా అంతే. పేర్లన్నీ పోగేసుకున్న ఆ పెద్ద కాగితాన్ని ఏం చేశారో నేను అడగలేదు.

అప్పటికే ఊరి నోళ్ళలో పడ్డాం కాబట్టి అమ్మ ఆగనివ్వలేదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసే జాన్‌బాబు సంబంధం వచ్చింది. నెమ్మదైనవాడు, మాకు చుక్క రక్తం కూడా కలవని కుటుంబం. ఫాదర్ గారికి గీతలు గీసే పనే లేకపోయింది. జూన్‌లో నీళ్ళొచ్చేశాయి. దమ్ముల రోజుల్లో పెళ్ళేంటని ఊరు విసుక్కుంటుండగానే మూడు చాటింపులూ అయిపోయాయి.

తండ్రి లేని పిల్లని పీఠం దాకా ఎవరు నడిపించాలన్న మాట వచ్చింది. మావయ్య నేనున్నానన్నాడు.

"నువ్వెందుకు మావయ్యా?" అన్నాను. "నాకు తండ్రి ఉన్నాడుగా! నన్ను తల్లీ అన్న మనిషినే వచ్చి నడిపించమను. లేకపోతే నేను గుడి గడప తొక్కను."

"నీకేమైనా మతిపోయిందా?" అని అమ్మ అరిచింది. అమ్మమ్మ మొహం గోడకి తిప్పుకుంది. కబురు వెళ్ళింది. వస్తానన్నాడట.

ఉతికిన పంచె, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. చేతి గోళ్ళలో దమ్ము బురద ఇంకా పోలేదు. గుడి తలుపు దగ్గర చెయ్యి చాపాడు, నేను పట్టుకున్నాను. ఊహ తెలిశాక ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. రెండువైపులా బెంచీల్లో ఊరంతా ఉంది. నేను నేల చూడలేదు, అతని మొహమే చూస్తూ నడిచాను. ఏడుస్తాడేమో, పశ్చాత్తాపపడతాడేమో, చూడాలని. అతను పీఠం వైపు చూస్తూ నడిచాడు. దవడ మాత్రం బిగుసుకుని, అదురుతోంది. నేను చూడాలనుకున్నది అదే. చూశాక నాకేమీ ఊరట కలగలేదు. అడుగు తడబడితే అతనే నా మోచెయ్యి పట్టి ఆపాడు.

మెట్ల దగ్గర జాన్‌బాబు నిలబడి ఉన్నాడు. అమ్మాయి చెయ్యి పెళ్ళికొడుక్కి అందించమన్నారు ఫాదర్ గారు. బావ నా చేతిని తీసి జాన్‌బాబు చేతిలో పెట్టాడు. పెట్టి, పైన తన చెయ్యి అలాగే ఉంచాడు. పాటవాళ్ళు ఎత్తుకోబోయి ఆగిపోయారు. వెనక ఎవరో దగ్గారు. జాన్‌బాబు ఏమీ అర్థంకాక నా మొహం చూశాడు.

ఫాదర్ గారు కళ్ళద్దాలు తీశారు. కొంచెం ముందుకు వంగి, మా ముగ్గురికి మాత్రమే వినపడేట్టు అన్నారు.

"చెయ్యి వదులు, అంతోనీ."

వదిలాడు. వెనక్కి తిరిగి, మొదటి బెంచీలో, పెళ్ళికూతురి తండ్రి కూర్చునే చోట, మా అమ్మ పక్కన వెళ్ళి కూర్చున్నాడు.